పిల్లలతో రెండు రోజుల సెలవు: రామప్ప, లక్నవరం ఎలా ప్లాన్ చేసుకోవాలి

దసరా సెలవులకు వారం ముందు, మళ్లీ సంక్రాంతి ముందు నాకు ఇదే ప్రశ్న వస్తుంటుంది. "పిల్లలకు సెలవులిచ్చిన్రు, రెండు రోజులు ఎటన్న తీస్కపోదామనుకుంటున్నం. ఎటు పోవాలె, ఎట్ల పోవాలె? పోయినసారి దారంతా ఏడుపే, ఇంటికొచ్చినంక మేమే రెండు రోజులు పండుకున్నం." మేం ఉండేది హన్మకొండలో. అడిగిన ప్రతి ఒక్కరికీ ఫోన్‌లో చెప్పడం కన్నా ఒకసారి వివరంగా రాసిపెడితే మేలనిపించింది.

ముందు మా అనుభవం చెప్తాను. పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు ఐదేళ్లు ఉన్నప్పుడు ఒకే రోజులో వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్, రామప్ప గుడి, లక్నవరం చెరువు నాలుగూ తిప్పేశాం. రామప్పకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. చెప్పులు విడిచి రాతి మీద కాలు పెట్టగానే బాబు ఏడుపు. పాప నీడ వెతుక్కుని కూర్చుండిపోయింది. లక్నవరంలో పది నిమిషాలు వంతెన మీద నడిచి వెనక్కి వచ్చేశాం. రాత్రి పడుకునే ముందు "ఇయ్యాల ఏది మంచిగనిపించింది?" అని పాపను అడిగితే, చాలాసేపు ఆలోచించి, "టిఫిన్ సెంటర్ కాడి కుక్కపిల్ల" అన్నది. ఆ కుక్కపిల్లకు తను ఇడ్లీ ముక్క పెట్టింది, దాన్ని నిమిరింది, దానికి పేరు కూడా పెట్టింది. మిగతా నాలుగు చోట్లా తను చేయడానికి ఏమీ లేదు. మేం చూపించింది చూడటమే.

తర్వాతి ఏడాది రామప్పకూ లక్నవరానికీ మాత్రమే వెళ్లాం, రెండు రోజులు పెట్టుకుని, పిల్లలకు తలా ఒక పని అప్పగించి. ఆ ప్రయాణం గురించి వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటి నుంచీ మేం పాటిస్తున్న పద్ధతే ఇది. ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు బాగా సరిపోతుంది.

కావలసినవి

- ఒక్కో పిల్లకు ఒక చిన్న సంచి. వాళ్ల నీళ్ల బాటిల్, నోట్‌బుక్, పెన్సిల్ అందులోనే ఉండాలి, వాళ్లే మోయాలి.
- కొలత టేపు (టైలర్లు వాడేదైనా చాలు), ఒక చిన్న టార్చిలైటు. ఈ రెండూ మర్చిపోవద్దు, రామప్పలో వీటితోనే పని.
- ప్రతి ఒక్కరికీ పాత సాక్సులు. గుడి దగ్గర చెప్పులు విడిచాక కాళ్లు కాలకుండా ఉంటాయి.
- ఒక జత బట్టలు అదనంగా, తువ్వాల, టోపీ, నాలుగైదు క్యారీబ్యాగులు (వాంతులకు, తడి బట్టలకు).
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దూది, బ్యాండేజీ, దోమల క్రీము, పిల్లల డాక్టర్ ముందే రాసిచ్చిన జ్వరం మందు.
- తిండి: పులిహోర, సర్వపిండి, అరటిపండ్లు, ఇంట్లో ఉంటే సకినాలు. పెరుగన్నం తీసుకెళ్తే మధ్యాహ్నం లోపే తినేయాలి.
- పెద్దవాళ్ల ఆధార్ కార్డులు.

1. తేదీ చూసుకోండి

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికన్నా మంచి కాలం. దసరా సెలవుల్లో కూడా బాగుంటుంది, వానలకు చెరువులు నిండి చుట్టూ పచ్చగా ఉంటుంది. ఎండాకాలం సెలవుల్లో మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. మే నెలలో మన దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. పిల్లలు ఏమీ చూడలేరు, పైగా వడదెబ్బ భయం.

ఇంకో సంగతి. మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. ఆ ఏడాది జాతరకు ముందూ వెనకా ములుగు దారంతా బండ్లతో నిండిపోతుంది. జాతరకే వెళ్లేవాళ్ల సంగతి వేరు. లక్నవరం చూద్దామని చిన్నపిల్లలతో ఆ రోజుల్లో బయల్దేరితే గంటల తరబడి కారులోనే కూర్చోవాల్సి వస్తుంది.

2. రోజుకు ఒక్క చోటు

ఇది అందరికీ కష్టమనిపించే మెట్టు. "అంత దూరం పోయినం కదా, బొగత జలపాతం కూడా చూసొద్దాం" అనిపిస్తుంది. అనుకోండి, కానీ పోవద్దు. మొదటి రోజు రామప్ప, రెండో రోజు లక్నవరం, అంతే. రామప్ప హన్మకొండ నుంచి సుమారు 70 కిలోమీటర్లు, ములుగు దాటాక పక్కదారి పట్టి పాలంపేటకు వెళ్లాలి. లక్నవరం కూడా అటే, గోవిందరావుపేట వైపు. రెండూ ములుగు జిల్లావే కాబట్టి రాత్రికి అటువైపు ఉండొచ్చు. లక్నవరంలో పర్యాటక శాఖ వసతి ఉంది, కానీ సెలవుల్లో గదులు ముందే నిండిపోతాయి కాబట్టి ముందే బుక్ చేసుకోండి. దొరకకపోతే రాత్రికి ఇంటికి వచ్చేసి, తెల్లారి మళ్లీ బయల్దేరినా నష్టం లేదు. చిన్నపిల్లలు సొంత పక్క మీద పడుకుంటేనే రెండో రోజు హుషారుగా ఉంటారు.

3. వారం ముందే ఇంట్లో మొదలుపెట్టండి

రోజుకు పది నిమిషాలు చాలు. రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలికైనవి. ఈ మాట పిల్లలకు ఊరికే చెప్పకండి. బయట దొరికే మామూలు ఇటుక ముక్క ఒకటి తెప్పించి, బకెట్ నిండా నీళ్లు పట్టి, అందులో వాళ్లతోనే వేయించండి. బుడగలు వదులుతూ మునిగిపోతుంది. అప్పుడు చెప్పండి, "ఎనిమిది వందల ఏండ్ల కింద మనోళ్లు తేలే ఇటుకలు చేసిన్రు" అని. మా బాబు ఆ రోజంతా ఇంట్లో ఉన్నవన్నీ బకెట్‌లో వేసి చూశాడు. రామప్పకు ఎప్పుడు పోతామని అడగడం అప్పుడే మొదలైంది.

ఇంకో రోజు లెక్క వేయించండి. గుడి కట్టింది 1213లో. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. తరానికి పాతికేళ్లు అనుకుంటే, అప్పటి నుంచి ఇప్పటికి ఎన్ని తరాలు? అమ్మ, అమ్మకు అమ్మ, ఆమెకు అమ్మ అంటూ వేళ్ల మీద లెక్కబెట్టమనండి. చరిత్ర ఇంతకు మించి అక్కర్లేదు. రాజుల పేర్లు బట్టీ పట్టిస్తే సెలవు కాస్తా ట్యూషన్ అవుతుంది.

4. తలా ఒక పని ఇవ్వండి

ఈ పద్ధతిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. పని నిజమైనదై ఉండాలి. అంటే, పిల్లలు చేయకపోతే ఆ పని ఆగిపోవాలి. మా ఇంట్లో ఇలా పంచుకుంటాం:

- దారి చూసే పని: ఊళ్ల పేర్లు, కిలోమీటర్ రాళ్లు చదివి నోట్‌బుక్‌లో రాయాలి. ములుగు వచ్చిందని డ్రైవర్‌కు చెప్పాల్సింది వాళ్లే.
- తిండి పని: ఏం మోసుకెళ్లాలో లిస్టు రాయాలి, ఎప్పుడు తినాలో చెప్పాలి, అందరికీ పంచాలి. ఆరేళ్ల పిల్లలు కూడా బాగా చేస్తారు.
- డబ్బు పని: పదేళ్లు దాటిన పిల్లల చేతికి రెండు వందలు ఇవ్వండి. దారిలో కొనే చిరుతిండి, వచ్చేటప్పుడు తెచ్చుకునే వస్తువు అన్నీ అందులోంచే. మిగిలినవి వాళ్లవే. "అది కొనియ్యి, ఇది కొనియ్యి" అనే గొడవ దీంతో చాలావరకు పోతుంది.
- ఫొటో పని: రోజుకు పది ఫొటోలే తీయాలని లెక్క పెట్టండి. పదే కాబట్టి ఆలోచించి తీస్తారు.

జాగ్రత్త: పని ఇచ్చాక మీరు దాన్ని దిద్దకండి. పాప రాసిన లిస్టులో ఉప్పు లేకపోతే ఉప్పు లేకుండానే తినండి. నీళ్లు, మందులు మాత్రం మీరు ఇంకోసారి చూసుకోండి, వాటి విషయంలో పొరపాటుకు చోటు లేదు.

5. పొద్దున ఆరు గంటలకల్లా బండి కదలాలి

అప్పుడే ఎండ ముదరకముందు గుడికి చేరతారు. పిల్లలను ఐదింటికే లేపి స్నానాలు, టిఫిన్లు అని హడావుడి చేయకండి. మొహం కడిగించి కారెక్కించండి, టిఫిన్ దారిలో చేయొచ్చు.

వాంతులయ్యే పిల్లలను కడుపు నిండా పాలు తాగించి బయల్దేరదీయవద్దు. రెండు బిస్కెట్లో అరటిపండో చాలు. కదిలే బండిలో ఫోన్ చూడనివ్వకండి, దాంతోనే ఎక్కువ తిప్పుతుంది. కిటికీ దించి దూరంగా చూడమనండి. మా బాబుకు దారి చూసే పని ఇచ్చాక వాంతులు చాలా తగ్గాయి, తల ఎత్తి రోడ్డు చూస్తూ కూర్చుంటాడు కాబట్టి.

6. రామప్పలో

చేరగానే ఫొటోలకు నిలబెట్టకండి. ముందు గుడి చుట్టూ ఒక రౌండు నడిచి రండి, మీరేమీ చెప్పకుండా. పిల్లలే ఏదో ఒకటి చూపించి అడుగుతారు. వాళ్లు అడిగిన చోటి నుంచే మొదలుపెట్టండి.

తర్వాత వెతుకులాట ఆట. కింది ప్రశ్నలు ముందు రోజే వాళ్ల నోట్‌బుక్‌లో రాసిపెట్టండి:

- గుడి చుట్టూ గోడ మీద ఏనుగుల వరుస ఉంది. ఒక వైపు ఎన్ని ఉన్నాయి? ఏ రెండైనా ఒకే తీరుగా ఉన్నాయా?
- పైకప్పు అంచుల కింద నల్లరాతి నాట్యగత్తెల శిల్పాలు ఉన్నాయి. వాళ్లలో ఎత్తుమడమల చెప్పులు వేసుకున్నామె ఎక్కడ? కోతి చీర లాగుతున్నది ఎవరిని? కాలిలో ముల్లు తీయించుకుంటున్నది ఎవరు?
- నంది ఎటు చూస్తున్నది? ఎక్కడ నిలబడ్డా మనల్నే చూస్తున్నట్టు ఉంటుందంటారు. నాలుగు చోట్ల నిలబడి చూసి నిజమో కాదో రాయండి.
- గుడి నిలబడిన రాతి అరుగు నక్షత్రం ఆకారంలో ఉంటుంది. నేల నుంచి ఎంత ఎత్తు? టేపుతో కొలవండి.
- లోపలి నేల అంతా సమంగా ఉందా? పాదాలతో చూసి చెప్పండి.

ఈ చివరి ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. లోపల నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది. భూకంపాలకు కదిలినా గుడి మాత్రం నిలబడింది. పునాది గొయ్యిని ఇసుకతో నింపి దాని మీద కట్టడం వల్ల అదురును ఇసుక మింగేసిందని చెబుతారు. ఈ ఒక్క ముక్క చాలు, పిల్లలకు బాగా పడుతుంది. పైకప్పు మీది రామాయణ, భారత కథల చెక్కడాలు టార్చిలైటుతో వెతికించండి. చీకట్లో చిన్న వెలుగుతో వెతకడం వాళ్లకు భలే ఇష్టం.

ఆ నాట్య భంగిమల్లో ఒకటి పాపతో చేయించి చూడండి. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఈ శిల్పాలను చూసే కాకతీయుల కాలపు పేరిణి నృత్యాన్ని మళ్లీ బతికించారు. ఈ మాట చెప్పాక పాప ఇంకో మూడు భంగిమలు తనంతట తనే పట్టింది.

జాగ్రత్తలు: శిల్పాలను ముట్టుకోనివ్వకండి. రాయిని తడితే సరిగమలు పలుకుతుందని ఎవరైనా చూపించబోయినా పిల్లలతో తట్టించకండి. కొలిచేటప్పుడు టేపు అరుగు అంచు మీదే పెట్టాలి, శిల్పాల మీద కాదు. ఇది 2021లో యునెస్కో గుర్తింపు పొందిన గుడి, పూజలు జరిగే గుడి కూడా. లోపల గర్భగుడి ముందు ఆట ఆపి దండం పెట్టుకుని రమ్మనండి. కోతులు కనిపిస్తే తిండి సంచి చేతిలో పట్టుకుని తిరగొద్దు.

గైడ్‌ను పెట్టుకుంటే ముందే చెప్పండి: "పిల్లలకు పదిహేను నిమిషాలు చాలు, కథలాగ చెప్పండి" అని.

మొత్తం రెండు గంటలు. ఇంకా ఉందామని పిల్లలు అంటుండగానే బయటికి రండి. దగ్గర్లోనే రామప్ప చెరువు ఉంది. గుడి కట్టినవాళ్లే చెరువూ తవ్వించారని, దాని కింద ఇప్పటికీ వరి పండుతుందని కట్ట మీద నిలబెట్టి చూపించండి.

7. మధ్యాహ్నం ఏమీ పెట్టుకోవద్దు

పన్నెండు నుంచి మూడున్నర దాకా తిండి, నిద్ర, చెట్టు నీడ. అష్టాచెమ్మా గవ్వలో, చింతగింజలో తీసుకెళ్లండి. ఏమీ చేయకుండా గడిపే ఈ మూడున్నర గంటలే సాయంత్రాన్ని కాపాడతాయి. పెద్దవాళ్లకూ ఇది కావాలి.

8. లక్నవరంలో నీళ్ల దగ్గర

వేలాడే వంతెన, పడవ, చెరువు మధ్య దీవులు పిల్లలకు వాటంతట అవే నచ్చుతాయి, ఇక్కడ ఆటలు కల్పించనక్కర్లేదు. మీ పనంతా జాగ్రత్తే.

పెద్దవాళ్లలో ఒకరు కాపలా ఉండాలి. ఆ ఒకరి చేతిలో ఫోన్ ఉండకూడదు, వేరే కబుర్లు ఉండకూడదు. అరగంటకోసారి మారండి, మారేటప్పుడు "ఇప్పుడు నువ్వు చూడు" అని నోటితో చెప్పండి. "అందరం ఉన్నం కదా" అనుకున్నప్పుడే ఎవరూ చూడకుండా పోతారు. పడవ ఎక్కితే పిల్లల సైజు లైఫ్ జాకెట్ కట్టాలి. పెద్దది వదులుగా వేస్తే నీళ్లలో తల మీద నుంచి ఊడిపోతుంది. పిల్లల సైజు లేకపోతే పడవ ఎక్కకండి. చెరువులోకి, వాగులోకి కాళ్లు కడుక్కోవడానికి కూడా ఒంటరిగా దిగనివ్వకండి.

పిల్లల జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన కాగితం పెట్టండి. తప్పిపోతే కదలకుండా ఎక్కడున్నారో అక్కడే నిలబడమని ముందే చెప్పండి. 112, 108, పిల్లల సహాయానికి 1098 నంబర్లు మీ ఫోన్‌లో ఉండాలి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

"ఇది నేర్చుకున్నావా, ఏది చెప్పు" అని దారిలో పరీక్ష పెట్టడం. అడిగిన మరుక్షణం పిల్లలు ముడుచుకుంటారు. చుట్టాల ముందు చెప్పించడం ఇంకా చెడ్డది.

రెండు కుటుంబాలు కలిసి వెళ్లి, పెద్దలంతా ఒకవైపు, పిల్లలంతా ఒకవైపు ఉండిపోవడం. కలిసి వెళ్లండి, మంచిదే, కానీ రోజులో కనీసం గంటసేపు మీ పిల్లలతో మీరే ఉండేలా చూసుకోండి.

నాయనమ్మనో అమ్మమ్మనో "నడవలేదు" అని వదిలేసి రావడం. వీలుంటే తీసుకెళ్లండి. ఆమె గుడి మెట్టు మీద కూర్చున్నా చాలు, పిల్లలు ఏం కనిపెట్టినా పరుగెత్తుకొచ్చి చెప్పేది ఆమెకే. మా అత్తమ్మ లేకపోతే మా బాబు ఏనుగుల లెక్క సగంలో వదిలేసేవాడు.

పిల్ల ఏడ్చినప్పుడు "ఇంత ఖర్చు పెట్టి తెచ్చినం" అనడం. ఆ మాట వాళ్లకు చాలా ఏళ్లు గుర్తుంటుంది. ఏడుపుకు కారణం నూటికి తొంభైసార్లు ఆకలి, నిద్ర, ఎండ, మూత్రం. ఈ నాలుగూ ముందు చూడండి.

ప్రయాణం కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

అదే రాత్రి దీపం ఆర్పాక రెండే అడగండి: ఏది బాగుంది, ఏది బాగాలేదు. రెండో ప్రశ్నను వదలొద్దు. "నువ్వు ఫోన్‌ల మాట్లాడుతనే ఉన్నవ్" అని మా పాప ఒకసారి అన్నది. సంజాయిషీ చెప్పుకోలేదు, తెల్లారి ఫోన్ కారులో పెట్టేశాను.

జవాబులో పిల్ల తను చేసిన పని గురించి చెప్తే కుదిరినట్టు. కొన్న వస్తువు, తిన్న ఐస్‌క్రీమ్ మాత్రమే చెప్తే వచ్చేసారి పనులు మార్చి చూడండి, చోటును తప్పుపట్టకండి.

వారం తర్వాత ఇంకో గుర్తు కనిపిస్తుంది. మీరు అడగకుండానే తోటిపిల్లలకో తాతకో ఆ సంగతులు చెప్తున్నారా? వివరాలు తప్పు చెప్పినా మధ్యలో దూరి దిద్దకండి. నోట్‌బుక్ వాళ్లకే ఉంచండి. రాత ఎలా ఉన్నా దాన్ని స్కూల్ ప్రాజెక్టుగా మార్చకండి.

కారు లేకపోతే, రెండు రోజులు దొరకకపోతే

బస్సులో ములుగు వెళ్లి అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు టికెట్ లేదు, గుర్తింపు కార్డు చూపించాలి. బస్సు ప్రయాణమైతే రామప్ప ఒక్కటే పెట్టుకోండి. తిరుగు బస్సు టైము దిగగానే అడిగి నోట్‌బుక్‌లో రాయించండి. అది దారి చూసే పనివాళ్ల బాధ్యత.

ఒక్క ఆదివారం పూటే ఉందంటే ఊళ్లోనే చేయొచ్చు. పొద్దున వేయిస్తంభాల గుడి, అది 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించింది, శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ మూడు గుడులు ఒకేచోట. నిజంగా వేయి స్తంభాలున్నాయా అని లెక్క పెట్టమనండి, గంట ఎలా గడిచిందో తెలియదు. సాయంత్రం ఎండ తగ్గాక ఖిలా వరంగల్. అక్కడ నాలుగు రాతి తోరణాలు నాలుగు దిక్కులా నిలబడి ఉంటాయి. తెలంగాణ రాష్ట్ర చిహ్నం ఉన్న ఏదైనా కాగితం ఇంటి నుంచి పట్టుకెళ్లి, తోరణం ముందు పిల్లల చేతికివ్వండి. ఏమీ చెప్పకండి. ఒకసారి కాగితం, ఒకసారి రాయి చూసుకుంటూ వాళ్లే పట్టేస్తారు.